చౌడమ్మ వేసిన ముడి

మన తాతల తాతలు ఇంకా మగ్గం ఎక్కని కాలం మాట. ఒక ఊళ్లో నేతగాళ్ల వాడ. ఆ వాడలో చౌడమ్మ అని ఒక మనిషి, నూలు కండెలు చుట్టుకుని బతికేది. నోట్లో నాలుక లేని మనిషి.

ఆమె మొగుడు బొజ్జన్నకి గుండెదడ. వైద్యుడు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. "పూటకి ఒకటే. రెండోది పడితే మందే విషం," అన్నాడు.

ఆ వాడలో ఒక అలవాటు ఉంది. అందరూ పనిలో ఉంటారు కాబట్టి ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లు రోగికి మందేస్తారు. ఆ పొద్దున బొజ్జన్న తల్లి పడుగు దగ్గర నుంచి లేచొచ్చి ఒక మాత్ర వేసింది. వదిన నూలుకి గంజి పెడుతూ మధ్యలో వచ్చి ఒకటి వేసింది. చౌడమ్మ రాట్నం ఆపి వచ్చి ఒకటి వేసింది. మగతలో ఉన్న మనిషి, ఎవరు పెడితే అది మింగాడు. ముగ్గురికీ బొజ్జన్నంటే ప్రాణమే. మధ్యాహ్నానికి బొజ్జన్న లేడు.

ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదని అప్పుడు బయటపడింది. ఎవర్ని అనాలి, పాపం.

దినాలు అయ్యాక, రంగు వెయ్యడానికి పంపిన నూలు కట్టలు, చిలపలు, తిరిగొచ్చాయి. ఎవరి నూలు ఎవరిదో తెలియడానికి ఇంటికో తీరున ముడులు వేసి పంపడం వాళ్ల ఆచారం. నలభై ఇళ్ల నూలు ఒకే బానలో మునిగినా ఒక్క చిలప మారదు. ఆ ముడులు చూసి చౌడమ్మ కూలబడి ఏడ్చింది.

"నూలుకి వేసే ముడి నా మొగుడి మందుకి వెయ్యలేకపోతిని గదా."

ఆనాటి నుంచి ఎవరింటికి మందొచ్చినా చౌడమ్మ నూలుపోగు పట్టుకుని వెళ్లేది. మూడే అడిగేది. "ఎవరికమ్మా? ఎంత? ఎప్పుడెప్పుడు?" పొట్లానికి పోగు కట్టి, రోజుకి ఎన్ని పూటలో అన్ని ముడులు వేసేది. తెల్లారితే మళ్లీ వేసేది. "మందేసిన చెయ్యే ముడి విప్పాల," అనేది. నవ్వినవాళ్లు నవ్వారు. మొగుడు పోయాక మతి పోయిందన్నారు. అయినా ఆమె వెళ్లడం మానలేదు.

ఒక వానాకాలం పక్కింట్లో ఈరి అనే పసిపిల్లకి జ్వరం తగిలింది. నాయనమ్మ మాత్రని తేనెలో రంగరించి పిల్ల పెదాల దాకా తెచ్చి, పొట్లానికున్న పోగు వంక చూసింది. పొద్దుటి ముడి లేదు.

"ఎవరు విప్పినారే?"

"నేనే అత్తా, ఇందాకే వేసినా," అంది కోడలు మగ్గం మీంచి.

ముసలిది చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. తేనె నేలపాలైంది, పిల్ల దక్కింది. ఆ తర్వాత వాడలో ఎవరూ నవ్వలేదు.

ఏళ్లు గడిచి చౌడమ్మ మంచం పట్టింది. పెరిగి పెద్దదైన ఈరే ఆమెకి మందేసింది. పొద్దుటి ముడి విప్పింది. మధ్యాహ్నపు ముడి విప్పింది. సాయంత్రం ముడి మీద చెయ్యి వేసేసరికి చౌడమ్మ పోయింది. ఈరి ఆ ముడి విప్పలేదు. ఆ పోగుని అలాగే తన ముంజేతికి కట్టుకుంది.

ఇప్పటికీ ఆ వాడలో మందు పొట్లానికి పోగు కడతారు. ఎవరు మందు పట్టుకుని రోగి దగ్గరికి వెళ్లినా, ఇంట్లో ఏదో మూల నుంచి ఒక గొంతు అడుగుతుంది.

"చౌడమ్మ ముడి చూసినావా?"

చూశానని చెప్పేదాకా రోగి నోరు తెరవడు.