మారని పాదం

ఆ ఏడు ఎండలకి కొండమీద పచ్చగడ్డి కూడా మిగల్లేదు. జంతువులన్నీ ఎవరు తవ్విన దుంపలు వాళ్లు తెచ్చి ఒకే గుహలో పోశాయి. సాయంత్రమైతే తలా ఒక వాటా. పంచేది ఎలుగుబంటి. దానికి చూపు తక్కువ, పైగా గుహలో చీకటి. ఒకరి పేరు చెప్పి ఇంకొకరు వాటా పట్టుకుపోతున్నారని గొడవలు మొదలయ్యాయి. అందరికీ అందరి మీదా అనుమానమే.

నక్క ఉపాయం చెప్పింది. "మొహాల్ని నమ్మకు మామా. పాదాన్ని నమ్ము. ఏ ఇద్దరి పాదాలూ ఒకలా ఉండవు."

అందరూ తడిమట్టి పలకల మీద పాదం నొక్కారు. నక్క వాటిని ఎండబెట్టి గుహలో పెట్టింది. ఇకమీదట వాటాకి వచ్చినవాళ్లు బయటే కొత్త పలక మీద నొక్కాలి, నక్క దాన్ని లోపలికి తేవాలి, ఎలుగు పాతదీ కొత్తదీ తడిమి చూడాలి. కాస్త అటూ ఇటూగా కలిస్తే చాలు, వాటా ఇచ్చేస్తుంది. ఇక మొహాలు చూసే పనే లేదని ఎలుగు సంబరపడింది.

ఓ సాయంత్రం ముళ్ళపంది వచ్చి పాదం నొక్కింది. పొద్దుటే రాళ్లలో దుంపలు తవ్వుతుంటే అరికాలు చీలింది. బొరియలో పసిపిల్లలు, దానికేమో పాలు ఇంకిపోయాయి. ఈ వాటా లేకపోతే పిల్లలు దక్కరు.

ఎలుగు పలక తడిమి, ఇది కలవట్లేదంది. పైగా ముళ్ళపంది ఇందాకే వచ్చి వాటా పట్టుకెళ్లిందంది.

"ఎవరమ్మా నువ్వు, ముళ్ళు అరువు తెచ్చుకున్నావా?" అంది నక్క. వరసలో ఉన్నవాళ్లు కూడా ముళ్ళపందిని ఎగాదిగా చూశారు. నిన్నటిదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన కుందేలు సైతం ఓ అడుగు వెనక్కి జరిగింది.

ముళ్ళపంది అరవలేదు. "సరే, నేను దొంగనే అనుకో మామా. ఇందాక వచ్చినదాని పలక ఓసారి మళ్లీ తడుము."

ఎలుగు తడిమింది. పాతదానితో గీతకి గీత కలిసింది.

"ఇప్పుడు కుందేలువీ, జింకవీ పలకలు చూడు."

కొత్త పలకల్లో కుందేలు గోళ్లు అరిగిపోయున్నాయి. జింక గిట్ట అంచు విరిగింది. ఎలుగు తన పాదమే నొక్కి చూసుకుంటే అరికాలు నిండా పగుళ్లు.

"వేసవంతా తవ్వాం. అందరి కాళ్లూ మారాయి. నాదొక్కటే అచ్చం ఆ రోజులానే ఎలా ఉంది మామా? అది నేల మీద నడిచే కాలేనా?"

ఎలుగు ఇందాక వచ్చినదాని పలకని ముక్కు దగ్గర పెట్టుకుంది. చూపు సరిగా లేకపోయినా దాని ముక్కుకి తిరుగులేదు. తేనెపట్టు వాసన. ఆ వాసన పట్టుకుని నేరుగా వెళ్లి, పలకల కోసం నక్క పోగేసిన మట్టికుప్పని తవ్వింది. పాత పలకలో కరిగించిన మైనం పోసి తీసిన ముళ్ళపంది పాదం బయటపడింది.

ఎలుగు నక్క వాటా తీసి ముళ్ళపందికి ఇచ్చింది. మర్నాటి నుంచి గుహ బయట వెలుగులో కూర్చుని, ప్రతివాళ్లనీ దగ్గరికి పిలిచి, వాసన చూసి, నాలుగు మాటలు మాట్లాడి మరీ పంచింది.

వరస చివర నక్క వచ్చి, నేను నేనేనని ఒట్టేసింది.

"ఆ కాలు కాసేపు ఎండలో పెట్టు బావా" అంది ముళ్ళపంది, "కరుగుతుందేమో చూద్దాం."

గుర్తు కలిస్తే చాలని మొహం చూడ్డం మానేస్తే, అసలు మనిషి కన్నా దొంగే నిజమైనవాడిలా కనిపిస్తాడు.