వంకాయల గంప, ఒరిగిన బండి

ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పే ముందు వాళ్ళకి ఏదో ఒక పని పురమాయించడం నిరంజనయ్యగారి అలవాటు. మనసు ఎక్కడుంటుందండీ అని అడిగిన ఒక లెక్చరరు చేత ఆయన మధ్యాహ్నం దాకా చింతపండు గింజలు తీయించారు. మోక్షం సంగతి అడిగిన బట్టల వ్యాపారిని పక్కవీధిలో తప్పిపోయిన మేకపిల్లని వెతకమని పంపితే, అతను మేకపిల్లతో తిరిగొచ్చేసరికి ప్రశ్న మర్చిపోయాడు. అందుకని మార్కాపురంలో పలకల గోడౌను పక్కన, ఆయన వసారాలో సాయంత్రంపూట వేదాంతం వినడానికి చేరే పాతికమందిలో నోరు తెరిచేవాళ్ళు ఏడాదికి నలుగురైదుగురికి మించరు.

ఒక గురువారం పొద్దున కోదండపాణి నోరు తెరిచాడు.

ఈ కోదండపాణి గూడ్సు రైళ్ళకి గార్డుగా ముప్పయ్యారేళ్ళు పనిచేశాడు. గార్డు కూర్చునేది చివరిపెట్టెలో. అంచేత ఉద్యోగమున్నంతకాలం ఆయన చూసిన ఊళ్ళన్నీ వెనక్కి పోతున్న ఊళ్ళే. రిటైరైన నెలలోనే రెండు క్వింటాళ్ళ బరువున్న మోటారుసైకిలు కొన్నాడు. ఊళ్ళు ఎదురొస్తుంటే ఎలా ఉంటుందో చూడాలి గదా అన్నాడు భార్య వకుళమ్మతో. చూస్తే చూడనీ, సంతకి వెళ్ళొచ్చేటప్పుడు కూరలు కూడా తేవచ్చు అని ఆవిడ అనుకుంది. ఆయన మాత్రం కన్యాకుమారి వెళ్ళాడు. మరుసటేడు ద్వారక వెళ్ళాడు. ఆపైన పూరీ, జోధ్‌పూరు, షిల్లాంగు. ఎప్పుడూ ఒక్కడే. వెళ్ళొచ్చిన ప్రతిసారీ వసారాలో జనం ఆయన చుట్టూ మూగేవారు, వేదాంతం ఆ పూటకి కొంత ఆలస్యమయ్యేది. నిరంజనయ్యగారు కూడా ద్వారకలో టిఫిన్లు ఎలా ఉంటాయని అడిగి తెలుసుకునేవారు.

ఇప్పుడు కోదండపాణికి అరవై ఏడు. కిందటి నెలలో కార్గిల్ వెళ్ళొస్తానని బయల్దేరి, నాగపూరు దగ్గరనుంచి వెనక్కి వచ్చేశాడు. చైను తెగిందని అందరికీ చెప్పాడు. వచ్చిన వారానికే బండి అమ్మకానికి పెట్టాడు. కంభం నుంచి మందుల షాపాయన ఒకడు శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఇన్నేళ్ళూ ఆ బండిని సవతిలా చూసిన వకుళమ్మ, అమ్ముతున్నారని తెలిసినప్పటినుంచి ఎందుకో రెండు ముద్దలు తక్కువ తింటోంది. ఒకసారి గురువుగారిని అడగండి అని ఆవిడే పంపింది.

“గురువుగారూ, మనిషి ఎప్పుడు ఆపాలి?” అని అడిగాడు కోదండపాణి.

అడిగాక, చైను కథ నిజం కాదని కూడా ఒప్పుకున్నాడు. నాగపూరు ఇవతల ఒక ధాబా ముందు, కంకరలో స్టాండు వేయబోతే బండి పట్టు తప్పి పడిపోయింది. తను లేపబోయేలోగా ముగ్గురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి చిటికెలో నిలబెట్టేశారు. అందులో ఒకడు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తాతయ్యా, ఇక ఇంటికి వెళ్ళు అని హిందీలో చెప్పి గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. పడినందుకు కాదు, ఆ మంచినీళ్ళకి ప్రాణం చచ్చిపోయిందని కోదండపాణి చెప్పాడు. తను పడేసిన బండిని తను లేపుకోలేనివాడికి రోడ్డు మీద ఏం పని అన్నాడు.

నిరంజనయ్యగారు అంతా విన్నారు. ఆయనకి అప్పటికి డెబ్భై తొమ్మిది, నోట్లో ఒక్క పన్ను లేదు. నంద్యాలలో పళ్ళ డాక్టరు దగ్గర తన కట్టుడుపళ్ళు తయారై ఉన్నాయనీ, బస్సులో కుదుపులు పడలేననీ చెప్పి, “నీ బండి మీద తీసుకెళ్తావా?” అని అడిగారు.

బస్సులో కుదుపులు పడలేనివాళ్ళు బండి మీద ఎలా కూర్చుంటారని అడగబోయి కోదండపాణి ఆగిపోయాడు. అది రెండో ప్రశ్న అవుతుంది, ఇంకో పని తగులుతుంది.

గురువుగారిని వెనక ఎక్కించడానికి పావుగంట పట్టింది. పంచె గోచీ పోసి కట్టారు. హెల్మెట్టు పెడితే చెవులు మూసుకుపోయాయి. తర్వాత ఆయన ఏం చెప్పినా అరిచి చెప్పారు. పళ్ళు లేని నోటితో అరిచిన మాటలు సగం గాలికీ, సగం అడవికీ పోయాయి. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కుతుంటే మలుపు మలుపుకీ ఆయన ఎడమకో కుడికో ఒరిగి చూస్తూ, చిన్నపిల్లాడిలా కోదండపాణి భుజం తట్టారు. బండి వాలిపోకుండా చూసుకోలేక కోదండపాణికి ముచ్చెమటలు పోశాయి. ఘాటు దిగి పొలాలు మొదలయ్యాక, గురువుగారు లఘుశంకకి ఆపమన్నారు.

ముందురోజు వాన పడి రోడ్డు పక్క మట్టి మెత్తగా ఉంది. గురువుగారు దిగి తుప్పల వెనక్కి వెళ్ళారు. కోదండపాణి సైడుస్టాండు వేసి, దిగి, హెల్మెట్టు తీశాడు. స్టాండు మెల్లగా మట్టిలోకి దిగింది. బురదలో గేదె పడుకున్నంత నింపాదిగా బండి పక్కకి ఒరిగి పడుకుంది.

కోదండపాణి ముందు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఫోనులో చూసి నేర్చుకున్న ఉపాయం ఒకటుంది: బండికి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, కాళ్ళతో నెట్టాలి. అలాగే నెట్టాడు. బండి జానెడు లేచింది. నడుములో ఏదో పటుక్కుమంది. బండి మళ్ళీ పడుకుంది. ఈసారి కొంచెం హాయిగా పడుకున్నట్టు అనిపించింది.

అంతలో పాలక్యానులు వేసుకుని ఒకాయన వచ్చి, మోపెడు ఆపి, చెయ్యి వెయ్యాలా అన్నాడు. వద్దు, ఇంజనాయిలు ఒంచుతున్నాను అన్నాడు కోదండపాణి. ఆయన వెళ్ళిపోయాడు. తర్వాత కూలీలతో ఆటో ఒకటి ఆగింది. ఇంజను వేడెక్కింది, ఇలా పడుకోబెడితే తొందరగా చల్లారుతుందని వాళ్ళకి చెప్పాడు. ఆటో డ్రైవరు ఆ విద్య తనకి తెలియనందుకు నొచ్చుకుంటూ, ఎన్ని నిమిషాలు పడుకోబెట్టాలని అడిగి తెలుసుకుని మరీ వెళ్ళాడు. మూడోసారి ట్రాక్టరు చప్పుడు వినపడేసరికి కోదండపాణి తనే బండి పక్కన వెల్లకిలా పడుకుని, దాని కడుపులోకి దీక్షగా చూడసాగాడు. ట్రాక్టరాయన అది చూసి, కిలోమీటరు రాయి మీద కూర్చున్న నిరంజనయ్యగారిని ఏమైంది సామీ అని అడిగాడు. ఆయన అప్పటికే అరటిపండు ఒలుచుకుని తింటున్నారు.

“బండి ఆయనది. ఆయన్నే అడుగు,” అన్నారు గురువుగారు.

అడిగితే, అంతా బాగానే ఉందని కిందనుంచి జవాబొచ్చింది. ట్రాక్టరూ పోయింది.

ఎండ ఎక్కింది. కోదండపాణికి చొక్కా వెనకంతా బురద, నడుములో పోటు. గురువుగారి వంక చూడటానికి మొహం చెల్లలేదు. నాగపూరులో కనీసం తెలిసినవాళ్ళెవరూ లేరు గదా అనుకున్నాడు. శనివారం దాకా ఎందుకు, ఆ మందుల షాపాయన్ని ఇక్కడికే రమ్మంటే లేపుకుని తీసుకుపోతాడు కదా అని కూడా అనిపించింది. జేబులోంచి ఫోను తీశాడు.

“ఓయన్నా,” అని పక్కచేలోంచి ఎవరో పిలిచారు.

అరవై ఏళ్ళుంటాయి ఆవిడకి. గట్టు మీద నిండుగా వంకాయల గంప పెట్టుకుని, తలమీద పాతచీర చుట్టకుదురు సర్దుకుంటూ నిలబడి ఉంది. “రవ్వంత ఈ గంప ఎత్తిపో అన్నా,” అంది, ఎప్పుడూ చూసే మనిషికి చెప్పినట్టు.

కోదండపాణి ఫోను జేబులో వేసుకుని వెళ్ళాడు. అవతల ఆవిడ, ఇవతల ఈయన, ఒక్క ఊపున గంప ఆవిడ తలకెక్కింది. ఆవిడ మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పి బరువు సరిచూసుకుంది. చల్లగా ఉండు అనో, పుణ్యముంటుంది అనో అనలేదు. రోడ్డెక్కి నడవసాగింది.

కిలోమీటరు రాయి దగ్గరికి వచ్చేసరికి నిరంజనయ్యగారు, ఎన్నేళ్ళనుంచి మోస్తున్నావమ్మా అని అడిగారు. పెళ్ళైనకాడ్నుంచి అంది ఆవిడ. నలభై అయిదేళ్ళ లెక్క. నీ అంతట నువ్వు ఎప్పుడైనా ఎత్తుకున్నావా అని అడిగారు. నిండు గంప ఎవరన్నా సొంతంగా ఎత్తుకుంటారా, ఈ సామి ఏ ఊరి మనిషి అన్నట్టు చూసింది.

“మరి ఎత్తేవాళ్ళు లేకపోతే?”

“రోడ్డు గదా సామీ. ఎవురో ఒకరు రాకుండా పోతారా? వచ్చిందాకా కూసుంటా.”

ఆ మాటని ఆవిడ ఆగి కూడా చెప్పలేదు, నడుస్తూనే చెప్పి సాగిపోయింది. గురువుగారు అరటితొక్క పక్కనపెట్టి పొలాలవైపు చూస్తూ కూర్చున్నారు. ఆవిడ పది అడుగులు వేసింది. ఇరవై వేసింది. కోదండపాణి రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. గార్డుగా ఉన్నరోజుల్లో ఎన్ని వందలసార్లో పచ్చజెండా ఊపాడు, ఒక్కనాడూ చెయ్యి ఇంత బరువనిపించలేదు. చివరికి చెయ్యెత్తి, “అమ్మా,” అన్నాడు. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ గట్టిగా పిలిచాడు.

“ఈ బండి పడిపోయింది. నా ఒక్కడివల్ల కావట్లేదు. కాస్త చెయ్యి వేస్తావా?”

ఆవిడ వెనక్కి వచ్చింది. బండిని చూసింది, ఆయన వీపు మీద బురదని చూసింది. వచ్చిన చిక్కేమిటంటే, నెత్తిన గంప ఉండగా వంగలేదు. “ముందే చెప్పుంటే గంప ఎత్తకముందే లేపేవాళ్ళం గదన్నా,” అంది. కోదండపాణి గంప దించాడు. ఆవిడ చేలోకి తిరిగి లచ్చుమమ్మా, సాలమ్మా అని కేకేసింది. కాయలు కోస్తున్న ఇద్దరు చీరకొంగులు దోపుకుని వచ్చారు. ఒకామె హ్యాండిలు, ఒకామె సీటు, ఒకామె వెనక కమ్మీ పట్టుకుని, నాట్లప్పటి పాటలో ముక్కలా ఒక్క కూత కూసేసరికి బండి నిలబడింది. స్టాండు కింద పెట్టడానికి సాలమ్మ ఒక పలకరాయి తెచ్చి వేసి, చేలోకి పోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. కోదండపాణి మళ్ళీ గంప ఎత్తాడు. ఆవిడ మళ్ళీ మెడ తిప్పి సరిచూసుకుని వెళ్ళిపోయింది.

శనివారం కంభం నుంచి వచ్చిన మందుల షాపాయనకి వకుళమ్మ పెసరట్లు వేసి పెట్టి, బండి అమ్మడం లేదని తనే చెప్పింది. వినాయకచవితి వెళ్ళాక కోదండపాణి మళ్ళీ కార్గిల్ బయల్దేరాడు. దారిలో నాలుగుచోట్ల బండి పడిందట. అయిదుసార్లు లేపారట. అదెలా అని వసారాలో వాళ్ళు అడిగితే, ఒకటి ఎవరిదో పడితే నేను చెయ్యి వేశాను అన్నాడు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఆ రోజు గురువుగారు చెప్పిన జవాబేమిటో మాత్రం ఆయన చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. బండి లేచాక దారిలో జరిగింది ఇది.

నంద్యాల ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా, వెనకనుంచి నిరంజనయ్యగారు హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, కోదండపాణి చెవి దగ్గరికి వంగారు. ఇందాక గంప ఎత్తేటప్పుడు ఆవిడ గురించి ఏమనుకున్నావని అడిగారు. ముసలిదైపోయింది, సొంతంగా ఎత్తుకోలేకపోతోంది, ఇక ఇంటిపట్టున ఉండొచ్చు గదా అని ఏమైనా అనిపించిందా అన్నారు.

కోదండపాణి నిజాయితీగా ఆలోచించాడు. ఎంత వెతికినా అలాంటిదేమీ దొరకలేదు.

“ఆవిడ గురించి ఏమీ అనుకోలేదండీ. వంకాయలు లేతగా ఉన్నాయి అనుకున్నాను.”

రెండు ఊళ్ళు ఎదురొచ్చి దాటిపోయాయి.

“ఆ ఆడవాళ్ళూ నీ బండి గురించి అలాంటిదే ఏదో అనుకుని ఉంటార్లే,” అన్నారు గురువుగారు.