కన్నీరంత ఉప్పు

అనగనగా, సముద్రం ఊరికి ఇప్పటికన్నా రెండడుగులు దగ్గరగా ఉండే రోజుల్లో, పొద్దుటే దిగిన మంచు అన్నాల వేళ దాకా లేవని ఊరొకటి ఉండేది. ఆ ఊరి పక్కన ఉప్పుమళ్ళు. ఆ మళ్ళలో దాలమ్మ అనే ఒంటరి మనిషి పనిచేసేది. ఊఁ కొడుతున్నారా? కొట్టండి. మీరు ఊఁ కొట్టకపోతే ఈ మంచులో నాకు దారి తెలీదు.

దాలమ్మకు భూమి లేదు, పుట్ర లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఒక నాలుక. గయ్యాళి అనుకునేరు, అది కాదు. మడిలో వేలు ముంచి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. "ఇది ఎల్లుండికి పండుద్ది" అనేది. ఎల్లుండికి మడి నిండా తెల్లగా ఉప్పు పేరుకునేది. సముద్రపు నీరేదో, మడి నీరేదో, వాన కలిసిన నీరేదో, అన్నీ ఆ నాలుకకు తెలుసు.

తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని అందరికీ తెలిసిందే కదా. అందుకని అరుగు మీద పోసి, పక్కకు జరిగి నిలబడేది. లోపలివాళ్ళు వచ్చి ఎత్తుకునేవారు. అరుగు మీద పోసేది, పక్కకు జరిగేది. అరుగు మీద పోసేది, పక్కకు జరిగేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఇంకొకరి చెయ్యి తన చేతికి తగిలి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

ఒకప్పుడు ఆమెకూ ఒక కూతురు పుట్టింది. పదకొండు రోజులు బతికింది. పడిశం పట్టి, ముక్కు మూసుకుపోయి, పాలు తాగలేక కన్నుమూసింది. ఆ రోజు దాలమ్మ ఏడవలేదు. మర్నాడు మళ్ళలోకి దిగింది. ఊళ్ళోవాళ్ళు ఆమెను ఉప్పుబండ అన్నారు. అననీలే అనుకుంది.

ఒక ఏడు మంచు మరీ చిక్కగా దిగింది. కోడిపుంజు కూత కూడా దూదిలోంచి వచ్చినట్టు వినపడేది. ఆ మంచులోనే రావులమ్మ కోడలు పైడికి ఆడపిల్ల పుట్టింది. నెల తిరగక ముందే పిల్లకు పడిశం పట్టింది. అంత పసిబిడ్డకు నోటితో ఊపిరి తీసుకోవడం ఎక్కడ తెలుస్తుంది? రొమ్ము అందుకునేది. రెండు గుక్కలు తాగేది. ఊపిరాడక వదిలేసేది.

మొదటి రోజు రావులమ్మ సాంబ్రాణి పొగ వేసింది. పిల్ల దగ్గి దగ్గి కందిపోయింది. రెండో రోజు వాము వేయించి, మూట కట్టి, ఉయ్యాల పక్కన పెట్టింది. ఇల్లంతా వాసనొచ్చింది గానీ ముక్కు తెరుచుకోలేదు. మూడో రోజు పిల్ల ఏడవడం మానేసింది. అప్పుడు భయపడ్డారు అందరూ.

ఆ పొద్దున దాలమ్మ వచ్చి అరుగు మీద ఉప్పు పోసింది. లోపల్నుంచి గురగురమని ఒక చిన్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. పదకొండు రోజుల పిల్ల దగ్గర విన్నదే. అందుకే పక్కకు జరగాల్సిన మనిషి జరగలేదు.

"పోసేసావు కదా, ఇంక ఎల్లవే" అంది రావులమ్మ.

"పిల్లని ఓపాలి సూపించమ్మా."

"ఉప్పు సేతుల్తో పసిగుంటని ముట్టుకుంతావా? ఏటి ఒళ్ళు తెలిసే అంటన్నావా?"

పైడి పిల్లనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఎవుల సెయ్యయితే ఏటత్తా? మూడు దినాలై దీని కడుపులో పాలు నేవు. దాలప్పా, నువ్వే సూడు" అని పిల్లను ఆమె చేతుల్లో పెట్టేసింది.

తట్టెడు ఉప్పు మోసే దాలమ్మకు ఆ పిల్ల బరువొక లెక్కా? అయినా రెండు చేతులా పొదివి పట్టుకుంది.

ముక్కులో చీమిడి ఎండి బిగుసుకుపోయింది, తడి తగిలితే వదులుతుంది అనుకుంది. మరి ఏ తడి? తట్టలోంచి కారిన ఉప్పునీటి చుక్క ముందు తన ముక్కులోనే వేసుకుంది. నిప్పులా మండింది. కుండలో చప్పటి నీళ్ళు వేసుకుంది. అవీ చుర్రుమన్నాయి.

"మండని నీళ్ళెక్కడున్నాయి తల్లీ?" అంది.

ఎదురుగా పైడి ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. దాలమ్మ ఆమెనే చూసింది.

"ఏడిత్తే కన్నీరు ముక్కులోకి దిగుద్ది కదే. మండుతాదా?"

"నేదు దాలప్పా."

"అయితే నాకో సుక్క ఇయ్యి."

పైడి చెంప మీది చుక్కను వేలితో తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. తర్వాత నీళ్ళు కాచి చల్లార్చమంది. అందులో చిటికెడు ఉప్పు వేసి రుచి చూసింది. "తక్కువ." ఇంకో చిటికెడు వేసింది. "ఎక్కువ." కాసిని నీళ్ళు పోసింది. చాలాసేపు కళ్ళు తెరవలేదు.

"ఇదే" అంది.

ఉతికిన గుడ్డ కొసతో ఆ ముక్కున ఒక చుక్క, ఈ ముక్కున ఒక చుక్క వేసింది. పిల్లను నిలువుగా భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుంది. మంచు వచ్చి వాళ్ళ చుట్టూ ఆగింది. వీధి కనపడలేదు, ఇల్లు కనపడలేదు. భుజాన ఉన్నది పైడి కూతురో తన కూతురో దాలమ్మకు కాసేపు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

అప్పుడు పిల్ల తుమ్మింది.

"నూరేళ్ళు!" అంది పైడి.

మళ్ళీ తుమ్మింది. "నూరేళ్ళు!" అంది దాలమ్మ.

మూడోసారి తుమ్మింది. "నిండు నూరేళ్ళు నా తల్లికి!" అంది రావులమ్మ. అనేసి భోరుమంది.

పైడి పిల్లను తీసుకుని రొమ్మందించింది. ఒక గుక్క. రెండు గుక్కలు. మూడు గుక్కలు. పిల్ల వదల్లేదు.

దాలమ్మ ఆ గుక్కలు వింటూ నిలబడింది. ఏదో తడి పెదవికి తగిలింది. నాలుకతో చూసింది. అదే ఉప్పు.

"ఇంతేనా?" అంది. "నా బిడ్డకీ ఇంతే కావాల్సిందా? మళ్ళలోనే ఉన్నాను కదమ్మా. సుట్టూరా ఉప్పే కదా" అంటూ అన్నేళ్ళ ఏడుపూ అప్పుడు ఏడ్చింది. రావులమ్మ దగ్గరికొచ్చి ఆ ఉప్పు చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఏడుపు తీరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఎంతమంది పిల్లలకో ఆమె అలా ఊపిరి తెప్పించింది. ముసలిదయ్యాక, ఒక మంచు పొద్దున మళ్ళలోకి వెళ్ళింది. మంచు లేచాక చూస్తే గట్టు మీద తట్ట ఉంది, మనిషి లేదు. సముద్రం తీసుకెళ్ళిందన్నారు కొందరు. ఉప్పులో ఉప్పయిపోయిందన్నారు కొందరు. పదకొండు రోజుల పిల్ల వచ్చి వేలు పట్టుకుని తీసుకెళ్ళిందని పైడి అంది. నేను పైడి మాటే నమ్ముతాను.

ఆ తీరాన ఇప్పటికీ ఉప్పు చేతికివ్వరు, కింద పెడతారు. పసిబిడ్డకు ముక్కు దిబ్బడేసిన ఇంట్లో మాత్రం అలా కాదు. పొరుగింటావిడ ఉప్పు తెచ్చి, తల్లి అరచేతిలో తన చేత్తో పెడుతుంది. పెట్టి, కాసేపు ఆ చెయ్యి పట్టుకునే ఉంటుంది.

"ఎంత కలపాలప్పా?" అని కొత్త తల్లి అడుగుతుంది.

"దాలమ్మ ఏడ్చినంత" అంటుంది ఆవిడ.