చెప్పే తోలు

తిప్పేస్వామిగారు ఏ ప్రశ్నకూ నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. ధర్మవరం దగ్గర ఆయన తోలుబొమ్మల పనిశాలలో పదకొండేళ్ళు శిష్యరికం చేశాను కనుక నాకా సంగతి బాగా తెలుసు. ఒకసారి దేవుడున్నాడా అని అడిగిన పాపానికి మూడు రోజులు రంగులు నూరాను. ఆ తర్వాత ఆ ప్రశ్న నా నోట రాలేదు.

ఓబులేసు నా తర్వాత చేరినవాడు. ముప్పై దాటాయి. చెయ్యి మంచిది, మనసే కోతి. ఒక మధ్యాహ్నం తలుపులు మూసుకుని దీపం ముందు తోళ్ళు పరీక్షిస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు. "గురువుగారూ, ఒంటిమీద లేసిన పొక్కు మంచిదో చెడ్డదో తెలుసుకునేదెట్లా?"

"ఎవురి ఒంటిమీద?" అన్నారాయన.

వాడు దాచలేదు. శివలీల అని, పట్టుచీరలకు కుచ్చులు వేసే ఆమె. ఇద్దరూ ఏడు నెలలుగా ఒకటిగా తిరుగుతున్నారు. ఆమెకు మొదటి పెనిమిటి అంటించి పోయిన రోగం ఒకటుంది. హెర్పిస్ అంటారు. మర్మస్థానంలో పొక్కులు లేస్తాయి, మానతాయి, మళ్ళీ ఎప్పుడో లేస్తాయి. వాడు చెయ్యి పట్టుకోకముందే ఆమె ఆ మాట చెప్పేసింది. వాడు పర్వాలేదన్నాడు. పర్వాలేదన్న నాటి నుంచి వాడికి నిద్ర లేదు. పొద్దున అద్దం, సాయంత్రం అద్దం. దోమ కుట్టినా అదే, చెమటకాయ లేచినా అదే. రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. రెండుసార్లూ గొరిగిన వెంట్రుక లోపలికి తిరిగి లేచిన పొక్కేనని ఆమె తేల్చింది. తొడుగు వాడమంది, శివలీలకు పుండ్లున్న రోజుల్లో దూరంగా ఉండమంది. అయినా అసలు రానే రాదని మాత్రం రాసివ్వలేనంది.

"ఆ ఒక్క మాట నన్ను తినేస్తాంది" అన్నాడు ఓబులేసు. "నేను ఒళ్ళంతా ఎతుక్కునేది శివలీల చూసేసింది. ఆదివారం లోపల మానుకోకపోతే ఇంక తన ముఖం చూడొద్దనింది. నాకూ మానుకోవాలనే ఉంది. చెయ్యి ఇనదు."

గురువును ఎవరైనా ఇలాంటివి అడుగుతారా అని నేను తల వంచుకున్నాను. ఆయన మాత్రం లేచి ఒక మేకతోలు తెచ్చి చట్రానికి బిగించారు. మేకలకూ అమ్మవారు పోస్తుంది. ఆ బొబ్బలతోనే చచ్చిన మేక తోలది. దీపం ముందు పెడితే నిండా పొక్కులే. "దీంట్లో పొక్కనేది లేకుండా చెయ్యి" అని గీకే కత్తి వాడి చేతిలో పెట్టారు.

నాలుగు రోజులు గీకాడు. బొటనవేలితో తోలు తడిమేవాడు, అదే వేలితో తన మెడ తడుముకునేవాడు, మళ్ళీ తోలు. రెండో రోజుకి ఏది తడుముతున్నాడో వాడికే తెలిసేది కాదు. అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమచెయ్యి వాడిది కానట్టు ఒంటిమీద సాలెపురుగులా పాకుతూ ఉండేది. వాడి పక్కన కూర్చోవాలంటే నాకు భయం వేసింది. దాచుకోవడమెందుకు, నేను చాప అవతలి మూలకి మార్చుకున్నాను.

నాలుగో రోజు శనివారం. మధ్యాహ్నం తోలును దీపానికి అడ్డం పట్టాడు. ఒక్క పొక్కు లేదు. వాడి ముఖంలో నవ్వు చూడటం నాకదే మొదటిసారి.

అప్పుడే బయట మబ్బు కమ్మింది. తడిగాలి తలుపు సందుల్లోంచి లోపలికొచ్చింది. గోడలకు ఆనించిన తోళ్ళు ఒక్కొక్కటే టిక్కు టిక్కుమన్నాయి. ఓబులేసు చేతిలోని తోలుమీద, మేం చూస్తుండగానే, ఒక పొక్కు లేచింది. దాని పక్కన ఇంకొకటి. వెనకనుంచి ఎవరో వేలితో పొడుస్తున్నట్టు, గీకిన చోటల్లా వరసగా లేచాయి. చెమ్మ తగిలితే తోలుకు పాత గుర్తులు పైకొస్తాయని నాకు తెలుసు. తెలిసినా రెండడుగులు వెనక్కి వేశాను.

వాడు కేకపెట్టి కత్తి అందుకున్నాడు. గీకాడు, గీకాడు. తోలు చిరిగి, వెనక ఆనించుకున్న తన అరచెయ్యే కోసుకుంది. వాడికది తెలియనే లేదు. నెత్తురు కారే వేళ్ళతోనే ఇంకో పొక్కు కోసం తడుముతున్నాడు. గురువుగారు వాడి మణికట్టు పట్టుకున్నారు.

"ఇను" అన్నారు.

మూలనున్న బొమ్మల పెట్టెలోంచి చెక్కమీద గోటితో గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీరింది.

ఓబులేసు కత్తి వదిలేశాడు. "పెట్టెలో ఎవురు?"

"మా తాత చేసిన నాట్యగత్తె. అదీ అమ్మవారు పోసిన తోలే. చెమ్మగిల్లిన దినం ముట్టుకుంటే దాని రంగు మన చేతికి అంటుతుంది. అందుకే ఆ దినం అదే గీరి చెబుతుంది. మేం పెట్టె తెరవం. ఎండ కాస్తే తీసి ఆడిస్తాం. అరవై ఏండ్లుగా ఆడతాంది."

"ఒక్కసారన్నా చెప్పకుండా ఉండిందా?"

"ఒకసారి చెప్పలేదు. మా నాయన చేతికి మరక పడె. సచ్చేదాకా పోలేదు. ఆ చేత్తోనే ఆడించినాడు."

తలుపు చప్పుడైంది. నేను వెళ్ళి తీశాను. గడప అవతల వానలో తడుస్తూ శివలీల. ఆమెను చూడటం నాకదే మొదలు, అయినా ఎవరని అడగాల్సిన పని పడలేదు.

"లోపలికి రానులే" అంది ఓబులేసుతో. "మూడుసార్లు ఫోను చేస్తి, ఎత్తకపోతివి. పొద్దున్నుంచి చురచురమంటాంది. మళ్ళా లేసేట్టుంది. ఈ వారం నా దగ్గరికి రావాకు. చెప్పి పోదామని వచ్చినా."

వాడి చెయ్యి అలవాటు ప్రకారం మెడవైపు లేచింది. సగం దూరం పోయి ఆగింది. ఆ నెత్తుటి చెయ్యి అలా గాలిలో ఎంతసేపుందో చెప్పలేను. చివరికి వాడు దాన్ని కిందికి దించి, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

ఏడు నెలల్లో వాడు ఆ మాట ఒక్కసారీ అడగలేదని ఆమె కళ్ళు చూస్తే నాకు అర్థమైంది. ఆమె గడపమీదే కూలబడింది.

"ఉంది" అంది.

పెట్టెలో చప్పుడు ఆగిపోయింది. తిప్పేస్వామిగారు వంగి దీపం ఆర్పేశారు.

"ఆయమ్మే చెప్పె కదప్పా" అన్నారు. "ఇంక దీపమేమిటికి?"