పుదీనా మడి మీద పడక

మన్యంలో మబ్బుకోన అని ఒక లోయ ఉంది. మార్గశిరం వచ్చిందంటే అక్కడి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. ఆ ఏడు దొరబాబు అనే నక్కకి చలికాలం మరీ కష్టమైపోయింది. వానలకి కొండచరియ జారి వాడి బొరియ పూడుకుపోయింది. కొత్తది తవ్వుకుందామంటే ఒళ్ళు వంగదు. తవ్వడం తెలివిలేనివాళ్ళ పనని వాడి అభిప్రాయం. ఎవరో ఒకరు వెచ్చగా సర్దుకున్న చోటు దొరక్కపోతుందా అని కోనంతా తిరుగుతూ, ఏదుపంది సన్యాసమ్మ గుమ్మం ముందు ఆగాడు.

ఆ గుమ్మం ముందు పుదీనా, మరువం, నిమ్మగడ్డి పెంచే మడి ఒకటుంది. కోనలో ఎవరికి దగ్గొచ్చినా, కడుపుబ్బినా అక్కడికే వస్తారు. కిందటి చలికాలం పందికొక్కులు వేళ్ళన్నీ కొరికేశాయి. ఫాల్గుణంలో జ్వరాలు మొదలయ్యేసరికి మడిలో ఒక్క ఆకు లేదు. చెవులపిల్లి పైడమ్మ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. ఆ మాట వస్తే సన్యాసమ్మ ఇప్పటికీ తల దించుకుంటుంది.

దొరబాబు వచ్చేసరికి ఆమె మొక్కలన్నిటినీ వేలెడు మోళ్ళుగా కోసేసి, వాటి మీద ఎండుటాకులు, ఆపైన ఎండుగడ్డి మందంగా పరుస్తోంది. వాడి కళ్ళు ఆ గడ్డి మీదే నిలిచిపోయాయి.

"ఎవరికత్తా ఈ పడక?"

"వేళ్ళకి నాయనా. పైన ఏం పోయినా ఫరవాలేదు, కింద వెచ్చగా ఉంటే చాలు."

ఒక మూల తనకీ చోటిమ్మని అడిగాడు. ఇది పడుకునే చోటు కాదని ఆమె నవ్వేసింది. దొరబాబు బతిమాలలేదు. బతిమాలడం కూడా వాడికి పని కిందే లెక్క. ఆ సాయంత్రానికల్లా కోనంతా చుట్టి, సన్యాసమ్మత్తకి మతి పోయిందనీ, మడి మొత్తం తన పళ్ళతోనే కొరికి చంపేసుకుందనీ కనిపించిన ప్రతివాళ్ళకీ దిగులుగా చెప్పాడు.

మర్నాడు ఎండెక్కాక అందరూ వచ్చి గడ్డి తొలగించి చూశారు. నల్లబడిన మోళ్ళు తప్ప ఏమీ లేవు. పైడమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. ఒక్క ఆకైనా దొరుకుతుందేమోనని మడంతా వెతికింది.

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "చచ్చినదానికి దుప్పటెందుకండీ? ఆ గడ్డేదో నాకిస్తే నా ప్రాణమైనా నిలుస్తుంది. ఇందులో ఒక్క పచ్చాకు మొలిచినా, ఆ రోజే లేచి వెళ్ళిపోతా. అందరి ముందూ చెబుతున్నా."

సన్యాసమ్మ కాసేపు వాడి వంకే చూసింది, బరువెంత ఉంటాడో అంచనా వేస్తున్నట్టు. తరవాత ముక్కు ఎగబీల్చి సరేనంది. కాకపోతే కొన్ని షరతులు పెట్టింది. గడ్డి చెదరగొట్టకూడదు. రోజూ ఒకే చోట పడుకోకూడదు, మూల మార్చాలి. మధ్యాహ్నం ఎండలో గడ్డి పైకీ కిందకీ తిరగేయాలి, లేకపోతే చెమ్మకి కుళ్ళుతుంది. పది రోజులకోసారి ఎండవేళ తనొచ్చి కాసిని నీళ్ళు చిలకరిస్తుంది, అడ్డు చెప్పకూడదు.

పాపం, ముసలిదానికి మమకారం చావలేదనుకున్నాడు దొరబాబు. అన్నిటికీ తలూపాడు.

అలా చలికాలమంతా వాడు దర్జాగా గడిపాడు. షరతులు తప్పలేదు. చెమ్మ గడ్డి మీద పడుకుంటే వాడి నడుముకే నొప్పి కదా. మొదటి వారంలో రెండు పందికొక్కులు వేళ్ళ కోసం వచ్చి వాడి పొట్టలో పడ్డాయి. మిగిలినవి వాడి వాసనకే ఆ దరికి రావడం మానేశాయి. పడకా తిండీ ఒక్కచోటే దొరికాయని దొరబాబు మురిసిపోయాడు. పైడమ్మ మాత్రం అప్పుడప్పుడు దూరంగా నిలబడి మడి వైపు చూసేది. ఒకరోజు సన్యాసమ్మ ఆమెను పక్కకి పిలిచి ఏదో చెప్పింది. వేలాడుతున్న చెవులు రెండూ నిటారుగా లేవడం దొరబాబు చూశాడు గానీ, ఆడవాళ్ళ కబుర్లు తనకెందుకని అటు తిరిగి పడుకున్నాడు.

మాఘం వెళ్ళి ఎండ కాస్త చురుక్కుమన్నాక, ఒక ఉదయం వాడి పొట్ట కింద ఏదో గుచ్చుకుంది. అటు జరిగితే అక్కడా గుచ్చుకుంది. లేచి గడ్డి తోసి చూస్తే, మోడు మోడుకీ గుత్తులుగా పుదీనా చిగుళ్ళు, వాటి పక్కన మరువం. ఎవరూ చూడకముందే నమిలేద్దామని నాలుగు నోట్లో వేసుకున్నాడు. ముక్కు మండి, కళ్ళ నీళ్ళు కారుతూ తుమ్ముతుంటే, ఆ తుమ్ములకి కోన సగం వచ్చి చుట్టూ నిలబడింది.

సన్యాసమ్మ గుమ్మంలోంచి నెమ్మదిగా వచ్చింది. "అల్లుడూ, కాస్త లేస్తావా? నీ కింద ఇంకా ఉన్నాయి."

"వేళ్ళు బతికే ఉన్నాయని నీకు తెలుసా అత్తా?"

"నాకు తెలుసు. పందికొక్కులకి నువ్వంటే హడలనీ తెలుసు. ముసలిదాన్ని, ఈ చలిలో అన్నాళ్ళు నేనెక్కడ కాపలా ఉండగలను చెప్పు?"

దొరబాబు చుట్టూ చూశాడు. ఆ రోజు మాటిచ్చినప్పుడు విన్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒళ్ళు దులుపుకుని, చలికాలంలో తనకీ ఏదో ఒక పని ఉండాలని ఒప్పుకున్నానంటూ దిగువకి నడిచాడు. ఇంత చక్కగా గడ్డి తిరగేసినవాణ్ణి తను చూడలేదని సన్యాసమ్మ వెనక నుంచి మెచ్చుకుంది. వాడు నడక పెంచాడు.

ఆ ఫాల్గుణంలో పైడమ్మ ముగ్గురు పిల్లలకీ దగ్గొచ్చింది, ముగ్గురూ కోలుకున్నారు. దొరబాబుకి మాత్రం తొలకరి దాకా వేట సాగలేదు. ఏ పొద చాటున నక్కినా పుదీనా వాసన వాడికన్నా ముందే వెళ్ళి కబురు చెప్పేసేది.

ఒకరి చోటు కాజేశానని సంబరపడేవాడు, వాళ్ళ పని తనే చేసిపెడుతున్నాడేమో ఒకసారి చూసుకోవాలి.