కోట కిటికీలో రాజముద్ర

దగ్గరికి జరిగి కూర్చోండి, పిల్లలూ.

ఒక కోటలో ముద్రల కిటికీ ఉండేది. మడిచిన కాగితం అందులో వేస్తే, లోపలివాళ్లు విప్పి చూడకుండానే రాజముద్ర గుద్దేవారు. ముద్రపడ్డ మాట ఎవరైనా వినాల్సిందే.

సిరా నూరే పోలమ్మ మంత్రితో, "అయ్యా, ఎవడో ఏదో రాసి పడేస్తే కొంప మునుగుతుంది. కిటికీ మూయించండి" అంది.

"పనులు ఆగిపోవూ? మళ్లీ నోరెత్తావో, నీ కొలువు ఊడుతుంది!" అన్నాడు మంత్రి.

మర్నాడు భటులొచ్చి మంత్రి చేతికి చీపురిచ్చారు. ఆయన ఏనుగులసాల ఊడవాలని ముద్రతో ఆజ్ఞ ఉంది.

"ఇది దొంగాజ్ఞరా! కిటికీ మూసేయండి!" అని మంత్రి అరిచాడు.

"ముద్ర అసలుదే కదండీ. మీ మాటకే ముద్ర లేదు" అన్నారు భటులు.

పోలమ్మ సిరా అందించి, "ఆ మాటే రాసి కిటికీలో వేయండయ్యా. వాళ్లెలాగూ చదవరు" అంది.

ఆ కిటికీలో పడ్డ ఆఖరి కాగితం అదే.

ఇక లేవండి, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి.