ఆరు పింగాణీ కప్పులు, అరవీశెడు దూది

తెలివిని బస్తాల్లో కొలిస్తే తమ ఇంట్లో మూడు బస్తాలుంటుందని గవర్రాజు, సింహాద్రి, పైడయ్య అనే అన్నదమ్ముల నమ్మకం. తలకొక బస్తా. మిగతా ఊరందరిదీ కలిపినా అరబస్తా దాటదని పైడయ్య లెక్క.

ఒకరోజు వాళ్ళ పిన్ని నాంచారమ్మ ఆరు పింగాణీ కప్పులు, అరవీశెడు దూది తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. ఆ కప్పులు నూరేళ్ళ కిందట ఆమె తాత ఓడరేవులో కొన్నవి.

"మ్యూజియం ఆఫీసరు వస్తున్నాడర్రా. కప్పులు నచ్చితే అద్దాల పెట్టెలో పెట్టి, కింద మా తాత పేరు రాయిస్తానన్నాడు. నేను స్టేషనుకెళ్ళి ఆయన్ని తీసుకొస్తా. ఈలోగా వీటిని దూదిలో చుట్టి బీరువా సొరుగుల్లో సర్దండి. ఒకదానికొకటి తగలకూడదు. కిందపడినా పగలకూడదు. తెలిసిందా?"

"మాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది పిన్నీ!"

పిన్ని గడప దాటింది.

"కిందపడినా పగలకూడదంది. పడేస్తేనే కదా తెలిసేది?" అన్నాడు గవర్రాజు.

అంతే. ఒక కప్పుకి దూది చుట్టి అటక మీంచి వదిలారు. పగల్లేదు.

"ఆగన్నయ్యా. ఇది దూది గొప్పా, కప్పు గొప్పా?" అన్నాడు సింహాద్రి.

న్యాయమైన ప్రశ్న. నెగ్గిన కప్పుని దూదితో సహా బియ్యం డబ్బాలో దాచి, రెండోదాన్ని దూది లేకుండా వదిలారు. ఛళ్ళుమంది.

"దూదే గొప్ప."

"ఒక్కసారికే తేల్చేస్తే ఎలా? ఆ కప్పుకి ఒంట్లో బాగాలేదేమో," అన్నాడు పైడయ్య.

ఇంకేముంది, మూడోదీ ఛళ్ళుమంది.

బయట మిగిలినవి మూడు. బీరువా సొరుగులూ మూడే. సొరుగుకొకటి చొప్పున దూదిలో పెట్టారు. ఒకదానికొకటి తగలమన్నా తగలవు.

"ఆరూ ఉంటే ఎంత ఇరుకయ్యేదిరా!" అని గవర్రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంతలో సింహాద్రికి దిగులు పట్టుకుంది. "కప్పుల సంగతి సరే. బీరువాయే పడితే?"

అంతే. ముగ్గురూ కలిసి తోశారు. లేపి చూస్తే కప్పులకి గీతైనా పడలేదు గానీ బీరువా మూల విరిగింది.

"విరగదూ మరి! దానికి దూదేదీ?" అన్నాడు గవర్రాజు.

సొరుగుల్లోని దూదంతా లాగి, బీరువా చుట్టూ కట్టి, మళ్ళీ తోశారు. ఈసారి బీరువాకి ఏమీ కాలేదు. లోపల మాత్రం ఛళ్ళు, ఛళ్ళు, ఛళ్ళు.

పిన్ని ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చింది. మొదటి సొరుగు లాగింది. పెంకులు. రెండోది. పెంకులు. మూడోది లాగకుండానే కూలబడింది.

"మా తాత పేరు మట్టిలో కలిపేశారు కదర్రా!"

"ఏడవకు పిన్నీ, ఇంకోటుంది," అంటూ పైడయ్య బియ్యం డబ్బాలోంచి కప్పు తీశాడు.

ఆఫీసరు దూది విప్పి, కప్పుని తిప్పి తిప్పి చూశాడు. "ఒక్కటైనా చాలమ్మా, మీ తాతగారి పేరు రాయిద్దాం. అయితే ఇది ఆ ఆరింటిలోదే అనడానికి రుజువేమిటి?"

అన్నదమ్ములు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆఫీసరుకి ఇంత తేలిక ప్రశ్నా! పైడయ్య కప్పు అందుకుని అటకెక్కాడు.

ఛళ్ళు.

"విన్నారా సారూ? అచ్చం అదే చప్పుడు," అంటూ గవర్రాజు పెన్సిలు అందించాడు. "ఇక రాసుకోండి. తాత పేరు తవిటయ్య."